గీయా దీవి: హార్లిక్స్ దొర తోట, ఊరివాళ్ల గాలిమరలు

గురువారం

గ్లాస్గోలో కాంప్‌బెల్‌టౌన్ బస్సెక్కితే దారి పొడవునా పక్కన నీళ్లు కనబడుతూనే ఉంటాయి. మొదట లాక్ లోమండ్ సరస్సు, ఆ తర్వాత 'రెస్ట్ అండ్ బి థాంక్‌ఫుల్' అనే కనుమ ఎక్కి దిగాక లాక్ ఫైన్ అనే సముద్రపు పాయ. ఇన్వరేరీ, లాక్‌గిల్ప్‌హెడ్, టార్బర్ట్ ఊళ్లు దాటి కింటైర్ ద్వీపకల్పం పడమటి ఒడ్డున టేయిన్‌లోన్‌లో దిగేసరికి మూడు గంటలు దాటింది. ఎదురుగా సముద్రంలో సన్నగా, పొడుగ్గా, పెద్ద ఎత్తు లేని నేల. అదే గీయా.

"ఇదేంటే, మన లంకలా ఉందీ!" అంది అమ్మ.

అది 2018 మే మొదటి వారం. అమ్మ రాజమండ్రి నుంచి మా ఇంటికి వచ్చి నెల కావస్తోంది. స్కాట్లాండ్ చూపిస్తానంటే అందరూ స్కై ద్వీపానికో, ఎడిన్‌బరా కోటకో తీసుకెళ్లమన్నారు. నేను గీయాకు పట్టుబట్టడానికి కారణం హార్లిక్స్. మా మామయ్య ధవళేశ్వరం హార్లిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు సెలవులకు వాళ్లింటికి వెళ్తే హార్లిక్స్ అంటే సీసా కాదు, మామయ్య డ్యూటీ షిఫ్టే. ఆ హార్లిక్స్ కుటుంబానికి చెందిన ఒకాయన ఈ దీవిని కొని తోట వేశాడని, ఆ తోటలో మన ఈశాన్య కొండల చెట్లున్నాయని తెలిసినప్పటి నుంచి చూడాలని ఉంది.

ఫెర్రీలో ఇరవై నిమిషాల ప్రయాణం. మధ్యలో ఉన్న సముద్రం మూడు మైళ్లే అయినా గాలి తిరిగితే ఫెర్రీ ఆపేస్తారు. దీవి పొడవు దాదాపు పది కిలోమీటర్లు, వెడల్పు చాలాచోట్ల రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకటే రోడ్డు. తూర్పు ఒడ్డున మధ్యలో ఆర్డ్‌మినిష్ ఊరు: ఒక కొట్టు, ఒక హోటల్, ఒక బడి, ఒక చర్చి. 2011 జనాభా లెక్కల్లో దీవి మొత్తానికి 163 మంది.

మేం దిగిన ఇంటావిడ టీ ఇచ్చి, "ఈ రెండ్రోజులు గాలి లేదు, అదృష్టవంతులు" అంది. నాకైతే అప్పటికే చున్నీ ఆగడం లేదు!

సాయంత్రం ఊరి చివర దాకా నడిచాం. అక్కడ ఎనిమిదిన్నర దాటినా వెలుగు ఉంది. రోడ్డుకు రెండు పక్కలా పసుపు పచ్చని పూలతో ముళ్లపొదలు విరగబూసి ఉన్నాయి. అమ్మ ఒక్కసారిగా ఆగిపోయింది. "ఎవరో కొబ్బరి కోరుతున్నట్టు వాసన వస్తోందేంటే?" ఆ పొదల్ని ఇంగ్లిష్‌లో గోర్స్ అని, స్కాట్లాండ్‌లో విన్ అని అంటారు. చిక్కుడు కుటుంబానిదే, పువ్వు ఆకారం చూస్తే తెలిసిపోతుంది. ఆకుల స్థానంలో ముళ్లు, వాటి మధ్య పూలు, ఆ పూలకు అచ్చంగా కొబ్బరి వాసన. ఎండ తగిలితే ఇంకా ఎక్కువ వస్తుంది. అమ్మ ఒక పువ్వు కోయబోయి వేలికి ముల్లు గుచ్చుకుంది గానీ, వదల్లేదు. ఆ పువ్వు ఆమె హ్యాండ్‌బ్యాగులో రాజమండ్రి దాకా వెళ్లింది.

శుక్రవారం

ఆకమోర్ తోట ఊరికి దక్షిణాన, నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. రోడ్డు మీద నుంచి చూస్తే తోట కనబడదు, గుబురైన అడవి కనబడుతుంది. తోట కథంతా ఆ అడవిలోనే ఉందని లోపలికి వెళ్లాక అర్థమైంది.

ముందు హార్లిక్స్ సంగతి. జేమ్స్, విలియం అనే అన్నదమ్ములు ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్ వాళ్లు. అమెరికా వెళ్లి 1873లో షికాగోలో కంపెనీ పెట్టారు. బార్లీ మాల్టు, గోధుమ పిండి, పాలు కలిపి ఎండబెట్టిన పొడికి 1883లో పేటెంటు తీసుకున్నారు. తర్వాత జేమ్స్ ఇంగ్లండ్‌కు తిరిగొచ్చాడు, లండన్ దగ్గర స్లవ్‌లో ఫ్యాక్టరీ కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంటికి చేరిన సిపాయిల సంచుల్లో హార్లిక్స్ మన దేశానికి వచ్చింది. ఆ జేమ్స్ కొడుకు సర్ జేమ్స్ హార్లిక్. ఆయన 1944లో గీయా దీవి మొత్తాన్ని కొన్నాడు. ఇళ్లు, పొలాలు, గొర్రెలు మేసే కొండలు, అన్నీ. దీవిని ఒక మనిషి కొనడమేంటని అమ్మ రెండుసార్లు అడిగింది. స్కాట్లాండ్‌లో ఇది మామూలే. తరాల తరబడి ఊళ్లకు ఊళ్లు ఒకే కుటుంబం చేతిలో ఉన్నాయి.

ఆయన ఈ దీవినే ఎందుకు ఎంచుకున్నాడంటే రోడోడెండ్రాన్లు అనే పూలచెట్ల కోసం. ఆయనకు వాటి పిచ్చి. ఇంగ్లండ్‌లో బెర్క్‌షైర్‌లోని సొంత ఇంట్లో పెంచుతున్నా, పెద్దాకు రకాలకు అక్కడి వాతావరణం సరిపడలేదు. వాటికి పుల్లనేల (ఆమ్లగుణం ఉన్న నేల) కావాలి, ఏడాదంతా తడి కావాలి, గట్టి మంచు పడకూడదు. గీయా ఉన్నది మాస్కో ఉన్న అక్షాంశం మీదే. అయినా అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల ఇక్కడ మంచు కురవడమే అరుదు. మేం వెళ్లిన ఏడాది మార్చిలో 'బీస్ట్ ఫ్రం ది ఈస్ట్' అనే మంచు తుఫాను బ్రిటన్‌ను గడగడలాడించింది. తోటలో పనిచేస్తున్న ఒకాయన్ని అడిగితే ఇక్కడ పూలు ఆలస్యమయ్యాయి తప్ప చెట్లకు పెద్దగా దెబ్బ తగల్లేదన్నాడు.

ఒక్క గాలే శత్రువు. అట్లాంటిక్ మీద నుంచి ఉప్పు మోసుకొచ్చే గాలి పెద్దాకుల్ని చీల్చి పేలికలు చేస్తుంది. ఆయన అదృష్టం కొద్దీ అక్కడ ముందే చెట్లున్నాయి. ఆకమోర్ భవనాన్ని 1884లో కట్టించిన పాత యజమానులు వేట పక్షులు దాక్కోవడానికి సికమోర్ చెట్లు నాటించారు. హార్లిక్ ఆ అడవిని కొట్టించలేదు. కిట్టీ లాయిడ్ జోన్స్ అనే తోటల నిపుణురాలిని సలహాకు పిలిచాడు. అడవి లోపల అక్కడక్కడా జాగా చేసి, గదుల్లాంటి ఖాళీల్లో ఒక్కో రకం నాటించారు. చుట్టూ చెట్లే గోడ. ఆ గదిలోకి అడుగుపెట్టగానే చెవుల్లో గాలి హోరు ఆగిపోతుంది. మళ్లీ బాట మీదికి వస్తే హోరు మొదలు. 50 ఎకరాల తోట నడిచినంతసేపూ ఇంతే.

నేను చూడాలనుకున్న చెట్టు రోడోడెండ్రాన్ మెకబీనమ్. పొద అనుకున్నాను గానీ రెండస్తుల మేడంత చెట్టు. కొమ్మ చివర పూలగుత్తి నా రెండు చేతుల్లో పట్టలేదు. గుత్తిలో ఇరవైకి పైగా పూలు, ఒక్కోటి గంట ఆకారంలో, లేత పసుపు రంగు. పువ్వు లోపల అడుగున ముదురు ఊదా మచ్చ, తేనె ఉన్న చోటు ఇదీ అని తేనెటీగకు చూపించడానికి పెట్టినట్టు. ఆకు పైభాగం నున్నగా, ఈనెలు లోతుగా దిగి ఉన్నాయి. తిప్పి చూస్తే అడుగంతా తెల్లటి మెత్తటి నూగు. అమ్మ ఆ నూగును బొటనవేలితో రుద్దుతూ చాలాసేపు నిలబడింది. వేలికి కాస్త కాస్తగా అంటుకుంటోంది. చిగుర్ల మీదైతే ఎర్రటి తొడుగులు ఇంకా రాలిపోలేదు.

ఈ చెట్టు సొంతూరు నాగాలాండ్, మణిపూర్ కొండలు. జార్జ్ వాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1882లో దీన్ని నమోదు చేశాడు. అప్పట్లో నాగా కొండల డిప్యూటీ కమిషనర్‌గా ఉన్న మెకబ్ అనే అధికారి పేరు పెట్టారు. 1920ల చివర్లో కింగ్డన్ వార్డ్ అనే మొక్కల అన్వేషకుడు నాగా కొండల్లోని జాప్‌వో శిఖరం నుంచి విత్తనాలు బ్రిటన్‌కు పంపాడు. ఒక ప్రభుత్వాధికారి పేరు శాశ్వతంగా చెట్టుకు అంటుకుంది. ఆ కొండల మీద తరతరాలుగా ఆ చెట్ల మధ్య బతికి, దారి చూపించి, మూటలు మోసిన నాగాల పేర్లు ఏ చీటీ మీదా లేవు. ఇది నన్ను ఇవాళ్టికీ బాధపెడుతుంది. హార్లిక్ చెట్లను ప్రేమించాడు, అందులో అనుమానం లేదు. కానీ ఇలాంటి తోటల్లో చెట్టు పక్కన ఇంకో రెండు వాక్యాలు రాయడానికి చోటు ఉంటుంది, రాయాలి.

పక్క గదిలో సైనోగ్రాండె అనే ఇంకో రకం రోడోడెండ్రాన్. 1912లో చైనాలోని యునాన్‌లో జార్జ్ ఫారెస్ట్ అనే స్కాట్లాండ్ వాడు కనుక్కున్నాడు. ఆకులు రెండడుగులు దాటతాయి. అమ్మ ఒక రాలిన ఆకు తీసి, "నలుగురికి భోజనం పెట్టొచ్చే" అని విస్తరిలా గట్టు మీద పరిచింది. (ఎవరూ పెట్టొద్దు. రోడోడెండ్రాన్ ఆకులు విషం. గొర్రెలు తింటే ప్రాణం మీదికొస్తుంది.)

అన్ని రోడోడెండ్రాన్లూ ఇలా బుద్ధిగా ఉండవు. 1763లో బ్రిటన్‌కు తెచ్చిన పాంటికమ్ అనే ఊదారంగు పూల రకాన్ని గాలి అడ్డుకోవడానికని పశ్చిమ స్కాట్లాండ్ అంతా నాటారు. ఇప్పుడు అది అడవుల్ని మింగేస్తోంది. దాని నీడన గడ్డి కూడా మొలవదు. గాలిని ఆపాలని పెట్టిన మొక్కను ఆపడానికి ఇప్పుడు రంపాలు పట్టుకు తిరగాల్సి వస్తోంది. మన చెరువుల్లో గుర్రపుడెక్క చేసింది కూడా ఇదే కదా.

1962లో హార్లిక్ తన మొక్కల సంపదను పాత కట్టడాలనూ తోటలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్‌కు రాసిచ్చాడు, కొమ్మలు అంటుకట్టి వాళ్ల ఇతర తోటలకు పంచమని. 1972లో పోయాడు. మొక్కలు ఒకరివి, నేల ఇంకొకరిది. ఆ తర్వాత ఆ నేల చేతులు మారినప్పుడల్లా తోట కూడా ఊగిసలాడింది. మేం వెళ్లినప్పటికి కొన్ని దారులు తుప్పతో మూసుకుపోయి ఉన్నాయి, కొన్నిటిని శుభ్రం చేస్తున్నారు. గోడలు కట్టిన పాత కూరగాయల తోటలో నెమళ్లు తిరుగుతున్నాయి. మధ్యాహ్నం వాన మొదలైంది. అమ్మ ఒప్పుకోకపోయినా బయటికి లాక్కొచ్చాను.

శనివారం

పొద్దున్నే కిల్‌చాటన్ పాడు గుడి. 13వ శతాబ్దపు చర్చి, పైకప్పు లేదు. రాళ్ల సందుల్లో ఫెర్న్ మొక్కలు. నేల మీద పరిచిన సమాధి రాళ్ల మీద కత్తులు చెక్కి ఉన్నాయి. వానలకు అరిగిపోయి కొన్ని చేత్తో తడిమితే తప్ప తెలియవు. దగ్గర్లో గుట్ట మీద ఒక నిలువు రాయి. దాని అంచు వెంబడి అడ్డగీతలు, అది ఓఘమ్ అనే పాత ఐర్లండ్ లిపి. ఫలానావాడి కొడుకు ఫలానావాడని ఉంటుందని పండితుల అంచనా. కింటైర్ నుంచి ఐర్లండ్ తీరం కంటికి ఆనుతుంది కాబట్టి ఆ లిపి ఇక్కడికి రావడంలో వింత లేదు.

నార్వే రాజులు కూడా ఇక్కడికి వచ్చారు. అప్పట్లో ఈ పడమటి దీవులన్నీ నార్వేవి. 1263లో హాకాన్ రాజు వందకు పైగా ఓడలతో స్కాట్లాండ్ మీదికి వస్తూ గీయా దగ్గర లంగరు వేశాడు. లార్గ్స్ అనే తీరపు ఊరి దగ్గర తుఫాను ఆయన ఓడల్ని ఒడ్డుకు కొట్టింది, యుద్ధం కలిసిరాలేదు. వెనక్కి వెళ్తూ ఆ చలికాలమే ఆర్క్‌నీలో చనిపోయాడు. మూడేళ్లకు, 1266లో, పెర్త్ ఒప్పందంతో ఈ దీవులు స్కాట్లాండ్‌కు దక్కాయి. ఇక్కడి చరిత్రను గాలి ఇంతగా మలుపు తిప్పిందని చదివినప్పుడు తెలియలేదు, నిలబడి చూస్తే తెలిసింది.

ఇంటావిడ చెప్పిన కథ ఒకటి. దీవిలో గాలుల బావి ఉందట. ఎదురుగాలికి చిక్కుకున్న పడవ వాళ్లు వచ్చి బావిని శుభ్రం చేసి కాసిని నీళ్లు చల్లితే కావలసిన దిక్కుకు గాలి వీచేదట. బావి మీద రాయి కప్పి ఉంచాలి, లేకపోతే దీవిని ముంచేస్తుందని నమ్మకం. సుమారు మూడు వందల ఏళ్ల నాటి యాత్రికుల రాతల్లో కూడా ఇది ఉంది. అమ్మకు ఈ కథ తోట కన్నా నచ్చింది.

దక్షిణపు కొసకు నడుస్తుంటే గాలిమరలు కనబడ్డాయి. మొదట వచ్చిన మూడింటికి గేలిక్ భాషలో విశ్వాసం, ఆశ, దయ అని పేర్లు పెట్టారు. ఊళ్లో అందరూ 'డాన్సింగ్ లేడీస్' అనే అంటారు. వీటి కథ చెప్పకుండా గీయా గురించి రాస్తే సగమే రాసినట్టు.

హార్లిక్ పోయాక దీవి ఒకరి నుంచి ఒకరికి అమ్ముడుపోతూ వచ్చింది. ఒక యజమాని అప్పులపాలైతే బ్యాంకు దీవిని స్వాధీనం చేసుకుంది. మనుషులుండగానే వాళ్ల ఊరు తాకట్టులోకి వెళ్లిపోయింది. ఇళ్లు బాగుచేయించేవాడు లేడు, లీజు ఉంటుందో ఊడుతుందో తెలియదు. 18వ శతాబ్దంలో ఐదారు వందల మంది ఉన్న దీవిలో చివరికి వంద మంది కూడా మిగల్లేదు. 2001లో మళ్లీ అమ్మకానికి వచ్చినప్పుడు ఊరివాళ్లు తామే కొందామనుకున్నారు. మొదట చాలామందికి భయం వేసిందని ఇంటావిడే చెప్పింది. ధర 40 లక్షల పౌండ్లు. లాటరీ డబ్బుతో నడిచే స్కాటిష్ లాండ్ ఫండ్, ప్రభుత్వ సంస్థ హైలాండ్స్ అండ్ ఐలండ్స్ ఎంటర్‌ప్రైజ్ ఎక్కువ భాగం ఇచ్చాయి. అందులో 10 లక్షలు రెండేళ్లలో తిరిగి కట్టాలి. 2002 మార్చి 15న దీవి ఊరివాళ్ల ట్రస్టు పేరు మీదికి వచ్చింది. ఆ అప్పు తీర్చడానికి దొరగారి ఆకమోర్ భవనాన్ని అమ్మేశారు, తోటను మాత్రం ఉంచుకున్నారు. ఇది నాకు చాలా గొప్ప నిర్ణయంగా కనబడుతుంది. మేడ పోతే పోయింది, చెట్లు అందరివీ అయ్యాయి.

తర్వాత ఆదాయం కావాలి కదా. ఉన్నదల్లా గాలే. ఇంగ్లండ్‌లో వేరే చోట తిరిగిన పాత గాలిమరలు మూడు కొన్నారు, ఒక్కోటి 225 కిలోవాట్లు. 2005 ఆరంభం నుంచి కరెంటు గ్రిడ్‌కు అమ్మడం మొదలైంది. ఊరి సొంతమై, గ్రిడ్‌కు కలిపిన గాలిమరలు స్కాట్లాండ్‌లో ఇవే మొదటివి. లాభం ఇళ్ల మరమ్మతులకు పెట్టారు. 2013లో నాలుగోది వచ్చింది. కుటుంబాలు తిరిగొచ్చాయి, బడిలో పిల్లలు పెరిగారు.

గాలిమర కింద నిలబడితే రెక్క దిగినప్పుడల్లా ఒక ఊపు వినిపిస్తుంది. పక్కనే ఆవులు తల ఎత్తకుండా మేస్తున్నాయి. అక్కడి నుంచి దక్షిణంగా కేరా అనే చిన్న దీవి కనబడింది. మనుషులుండరు, అడవి మేకలు మాత్రం ఉంటాయి.

ఆదివారం

ఇంటావిడ ఉత్తరం వైపు వెళ్తూ మమ్మల్ని కార్లో దింపింది. క్రేగ్ వాన్ దీవిలోకెల్లా ఎత్తైన గుట్ట, ఎత్తు 100 మీటర్లు. అమ్మ మోకాళ్ల నొప్పితో ఆగి ఆగి ఎక్కింది. పైనుంచి చూస్తే దీవి నిర్మాణం అర్థమవుతుంది. రాతి వరసలు ఉత్తరం నుంచి దక్షిణంగా పడుకుని ఉన్నాయి, వాటి మధ్య పల్లాల్లో పొలాలు. ఒకప్పటి సముద్రపు మట్టి, అగ్నిశిలలు భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ రూపం మారి గట్టిపడిన రాళ్లు ఇవి. పడమటన జూరా దీవి మూడు గుండ్రటి కొండలు, ఐలా దీవి. తూర్పున కింటైర్, దాని వెనక ఆరన్ దీవి శిఖరాలు. గుట్ట మీద హెదర్ అనే పొద ఇంకా గోధుమరంగులో ఎండినట్టే ఉంది, అది పూసేది ఆగస్టులో. తడి పల్లాల్లో బాగ్ మర్టిల్ అనే పొద ఉంది. ఆకు నలిపితే ఘాటైన మంచి వాసన, దోమలు పోవడానికి ఇక్కడివాళ్లు ఒంటికి రాసుకునేవారట. దాని పక్కన స్ఫాగ్నమ్ నాచు. పిడికెడు తీసి పిండితే ధారగా నీళ్లు కారాయి. ఆ పీల్చుకునే గుణం వల్లే మొదటి ప్రపంచ యుద్ధంలో దూది చాలనప్పుడు ఈ నాచును ఏరి, ఎండబెట్టి గాయాల కట్లకు వాడారు.

గుట్ట దిగి ఇంకా ఉత్తరంగా వెళ్తే జంట బీచ్. ఒక సన్నటి ఇసుక మెడ, దాని చివర ఐలన్ గార్వ్ అనే రాతి గుట్ట. మెడకు రెండు వైపులా సముద్రం. ఒక పక్క అలలు కొడుతుంటే రెండో పక్క నీళ్లు కదలకుండా ఉన్నాయి. అమ్మ చెప్పులు విప్పి ప్రశాంతంగా ఉన్న వైపు దిగి, వెంటనే కేకేసి బయటికొచ్చింది. మే నెలలో ఆ నీళ్లు అంత చల్లన.

ఒడ్డున రాళ్లమీద మొక్కలు వరసలు కట్టి ఉంటాయి. నీళ్లలో కెల్ప్ అనే పెద్ద నాచు, దాని పైన బుడగలున్న గోధుమరంగు నాచు. ఆ పైన రాయి మీద తారు పూసినట్టు నల్లగా ఒక పట్టీ. అది మరక అనుకుంటారు గానీ, లైకెన్, అంటే శిలీంధ్రం, నాచు కలిసి బతికే జీవి. దానిపైన నారింజ రంగు లైకెన్, ఇంకా పైన బూడిద రంగుది. ఉప్పునీరు ఎంత ఎత్తు వరకు తగులుతుందో రంగులే చెప్పేస్తాయి. అలల తుంపర పడే పగుళ్లలో గులాబీ రంగు సీ పింక్ గుబుర్లు ఇప్పుడిప్పుడే పూస్తున్నాయి. పువ్వు కాడ బెత్తెడు, కింద ఆకులు మెత్త కట్టినట్టు దగ్గరగా ఉన్నాయి. గాలికి తోటలో చెట్లు అడ్డు వెతుక్కుంటే ఈ మొక్క తనే కుదించుకుపోయి బతుకుతోంది. నాగా కొండల నుంచి వచ్చిన చెట్టును చూడ్డానికి వెళ్లాను గానీ, నాకు బాగా నచ్చింది ఇదే.

వెళ్లాలనుకునేవాళ్లకు: తోట కోసమైతే ఏప్రిల్ చివర నుంచి మే నెలాఖరు వరకు, హెదర్ కోసమైతే ఆగస్టు. కారు అక్కర్లేదు, ఊళ్లో సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. హోటల్లో శాకాహారం కావాలంటే ముందే చెప్పండి. మేం పులిహోర పొడి తీసుకెళ్లి ఇంటావిడ వంటగదిలో అన్నం వండుకున్నాం, ఆవిడకు కూడా పెట్టాం. పెద్దవాళ్లను తీసుకెళ్తే గుట్ట ఎక్కడానికి చేతికర్ర, నీళ్లు లోపలికి రాని బూట్లు తప్పనిసరి. తిరుగు బస్సుకూ ఫెర్రీకీ మధ్య కనీసం గంట టైము పెట్టుకోండి. గాలి ఎక్కువైతే ఫెర్రీ ఆగుతుంది.